మెరుపు మేస్త్రి గుంట

మీటింగు నాలుగింటికి. ఆమె మూడింటికే వచ్చేసింది, కుర్చీలు సర్దాలని తను పనిచేసే నీళ్ళ కాలుష్యం ఆఫీసులో చెప్పి. కుర్చీలు సర్దడానికి వేరే మనుషులున్నారని, వాళ్ళు పొద్దున్నే వచ్చి వరసకి పన్నెండు చొప్పున పది వరసలు గీత గీసినట్టు వేసి వెళ్ళిపోయారని అందరికీ తెలుసు, అయినా ఎవరూ ఏమీ అనలేదు. ఆరేళ్ళుగా జనంతో మాట్లాడడమే ఉద్యోగమైన మనిషికి మీటింగుకి ముందు కాసేపు నోరు మూసుకుని కూచోవాలనిపిస్తుందేమోలే అనుకుని ఉంటారు. ఇక ఆమెకి మిగిలిన పనల్లా ఒక్కో కుర్చీలో ఒక్కో కరపత్రం పెట్టుకుంటూ పోవడం. కరపత్రం తను రాసిందే, ఒకవైపు మ్యాపు, రెండోవైపు కళ్ళజోడు మర్చిపోయి వచ్చే ముసలివాళ్ళ కోసం పెద్ద పెద్ద అక్షరాలు. మూడో పేరాలో ఒక వాక్యం ఉంది. దాన్ని రాయడానికి ఆమెకి పదకొండు రోజులు పట్టింది, తీరా రాసింది నిన్న సాయంత్రం అయిదు నిమిషాల్లో. "ఆరో నంబరు పరిశీలన బావిలో బయటపడిన కాలుష్యం ఎక్కణ్ణించి వస్తోందో ఇంకా తెలియలేదు." అక్షరదోషం లేదు, వ్యాకరణదోషం లేదు, ఇంజనీరు చదివి బాగుందన్నాడు, పైఅధికారి సంతకం పెట్టాడు. తెలియలేదు. ఎవరికి తెలియలేదు? వాక్యంలో అదొక్కటే లేదు.

మొదటి వరస అయ్యేసరికి వేళ్ళకి అచ్చుసిరా అంటుకుంది. పైన ఫ్యాను కిర్రుమంటోంది, వెనక గోడలో పక్కపక్కన రెండు చదరపు కన్నాలు ఇంకా అలాగే ఉన్నాయి, సున్నాలెన్ని వేసినా ఆ కన్నాలు పూడ్చాలని ఎవరికీ తోచలేదు. సినిమా వెలుగు వచ్చింది అందులోంచే. ఇది బేసు సినిమాహాలు అప్పట్లో, బేసంటే విమానాల బేసు, ముళ్ళకంచె లోపల ఊరికి పోటీగా మరో ఊరు, దానికి సొంత బడి, సొంత ఆస్పత్రి, సొంత సైరను. విమానాలు వెళ్ళిపోయి పాతికేళ్ళు కావస్తోంది, క్వార్టర్లని బుల్డోజర్లు పడగొట్టాయి, పైన మట్టి పరిచి గడ్డి చల్లారు. నిలబడి ఉన్నవి మూడే, ఈ హాలు, నాలుగుకాళ్ళ వాటర్ ట్యాంకు, దూరంగా విమానాలకి దారి చెప్పిన గాజుగది టవరు. శనివారం శనివారం ఇక్కడే సినిమా, వెనక అధికారుల కుర్చీలు, మధ్యలో పనివాళ్ళ బెంచీలు, ముందు నేలంతా పిల్లలది, మెడలు వెనక్కి విరుచుకుని చూడ్డమే. సరిగ్గా కథ రంజుగా ఉన్నప్పుడు వెలుగు టక్కున ఆరిపోయేది. కీచుమని ఈలలు. అప్పుడు బెంచీల్లోంచి ఒక మనిషి నెమ్మదిగా లేచి, తొందరేమీ లేనట్టు, వెనక మెట్లెక్కేవాడు. లోపల ఏం చేసేవాడో ఎవరికీ తెలీదు, రెండు నిమిషాల్లో కన్నంలోంచి వెలుగు మళ్ళీ ఉరికేది, హాలు హాలంతా "మెరుపు మేస్త్రీ!" అని అరిచేది. నేలమీద కూచున్న తొమ్మిదేళ్ళలోపు పిల్ల ఒకత్తి పక్కపిల్లని మోచేత్తో పొడిచి, మా నాన్నే, అనేది. పక్కపిల్ల తిరిగి పొడిచేది, తెలుసులేవే, ప్రతి వారం చెప్తావు.

మెరుపు మేస్త్రి. సినిమా వల్ల వచ్చిన పేరు కాదది. ఇంజన్ల షెడ్డులో ఆయన పని జిడ్డు వదలగొట్టడం. విమానం ఇంజన్లోంచి ఊడదీసిన ముక్కలు నల్లగా, బంకగా, ఏది పన్నో ఏది గాడో తెలీకుండా వచ్చేవి. వాటిని తీగబుట్టలో పెట్టి మందు తొట్టిలోకి దించి పైకి తీస్తే ఆరబెట్టే పని కూడా లేకుండా తళతళలాడుతూ పుట్టినరోజు పిల్లల్లా బయటికొచ్చేవి. మందుకి పొడుగాటి పేరుంది, ఈ ఆరేళ్ళలో ఆమె ఆ పేరుని కొన్ని వందలసార్లు పలికింది, కరపత్రాల్లో రాసింది, చిన్నపిల్లలక్కూడా అర్థమయ్యేట్టు విడగొట్టి చెప్పింది, కానీ షెడ్డులో ఎవరూ ఆ పేరనేవారు కాదు, తీపిమందు అనేవారు. తియ్యటి వాసన దానిది. పండూ కాదు, పువ్వూ కాదు, ముక్కులోకి చల్లగా దిగి గొంతులో తియ్యగా తేలే వాసన. నాన్న చొక్కా వాసన. సాయంత్రం సైకిలు దిగుతూనే ఆమె వెళ్ళి ఆ చొక్కాలో మొహం దాచుకునేది, స్నానం చెయ్యనీవే ముందు, అని అమ్మ లోపల్నించి కేకలేస్తున్నా వదిలేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరోజు ఇంజనీరు నమూనా సీసా మూత తీస్తే గదిలో అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఆమె ఒక్కత్తే ముందుకి వంగింది. "మేడమ్, దూరం జరగండి, పీల్చకూడదు" అన్నాడతను. కళ్ళనీళ్ళు చూసి, ఘాటు అంతే అండి, కాసేపట్లో తగ్గిపోతుంది అని ధైర్యం చెప్పాడు. మంచి కుర్రాడు. ముప్ఫై దాటలేదు. మా నాన్న పోయి అప్పటికి రెండేళ్ళయింది బాబూ, ఇప్పుడే కనపడి వెళ్ళాడు, అని అతనికేం చెప్తుంది.

మూడో వరస, నాలుగో వరస. ఊళ్ళో ఆమెని మీటింగుల మేడమ్ అంటారు. ఫోన్లు మొదట్లో రోజుకి నలభై వచ్చేవి, నీళ్ళు తాగొచ్చా, కాచి తాగొచ్చా, స్నానం చెయ్యొచ్చా, మొక్కలకి పొయ్యొచ్చా, మా కుక్క ఆ నీళ్ళే తాగుతుంది దానికేమన్నా అవుతుందా. విసుక్కోకూడదన్నది ఆమె మొదటి నియమం. వంద కోట్ల చుక్కల్లో అయిదు చుక్కలు దాటకూడదని చెప్తే, "అమ్మా, వంద కోట్ల చుక్కలు లెక్కపెట్టినాయనకి ఇంట్లో పనేమీ లేదా?" అన్నాడొక పెద్దాయన, హాలంతా నవ్వింది, ఆమె కూడా నవ్వి, నవ్వు చల్లారేలోపే పరిశుభ్రమైన బావి అంటే ఏమిటో చెప్పేసింది. అదే ఆమె విద్య. భయపడే మనిషికి ముందు కుర్చీ చూపించాలి, తర్వాత నిజం చెప్పాలి. నిజం చెప్పకపోతే మాత్రం ఆ మనిషి మళ్ళీ రాడు. ఈ మాట కొత్తగా చేరినవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పిందో, పాఠం అప్పజెప్పినట్టు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఇప్పుడు తన పని.

పదకొండు రోజుల కిందట ఇంజనీరు మ్యాపు గోడకి అంటించి తల గోక్కున్నాడు. షెడ్డు వెనక పెద్ద గుంట ఉండేదని అందరికీ తెలిసిందే, అక్కడి మట్టి తవ్వి తీసేశారు, అక్కణ్ణించి భూమిలో నీటితోపాటు జారిన కాలుష్యం మ్యాపులో పొడుగాటి సొరకాయలా తూర్పుకి పాకి ఉంటుంది, దాన్ని తోడి శుభ్రం చేసే మోటార్లు నాలుగేళ్ళుగా తిరుగుతున్నాయి. ఆరో నంబరు బావి తవ్వింది ఆ సొరకాయకి దూరంగా, పడమటి పక్క, అక్కడ ఏమీ ఉండదని రుజువు చెయ్యడానికి. అయిదు దాటకూడని చోట పంతొమ్మిది వందలు వచ్చింది. "నీళ్ళు ఎదురు పారవు కదండీ," అన్నాడు, "ఇక్కడెక్కడో ఇంకోటుంది. మన కాయితాల్లో లేనిది. అప్పట్లో ఇక్కడ క్వార్టర్లు తప్ప ఇంకేం లేవు. ఎవరికైనా ఏమన్నా గుర్తుందా? మేడమ్, మీరు చిన్నప్పుడు బేసులోనే ఉన్నారు కదూ?" గదిలో ఏడుగురున్నారు. ఆమె నోరు తెరిచింది, "చాలా చిన్నదాన్నండి అప్పటికి" అంది. అబద్ధం కాదు. తేలు కుట్టిన దొంగలాగా అక్కడే మంచినీళ్ళు తాగింది, గ్లాసు బల్లమీద పెట్టింది, మాట మారింది. వెతకాలంటే అంగుళం అంగుళం బోర్లు వెయ్యాలన్నాడు అతను, రెండేళ్ళు పట్టొచ్చన్నాడు, ఈలోపు పడమటి కాలనీ వాళ్ళు నీళ్ళు తోడే లాగుడుకి అది వాళ్ళ బావుల దాకా వెళ్ళకుండా ఉంటే చాలన్నాడు.

ఆదివారాలు. అసలు ఆదివారం అనే మాటకి ఆమె మనసులో ఉన్న అర్థం ఆ పెరడే. షెడ్డులో అధికారి ఒప్పుకునే ఇచ్చేవాడు, అయిదు లీటర్ల డబ్బా, పట్టుకెళ్ళు మేస్త్రీ, నీ పుణ్యమాని అందరి స్టవ్వులూ వెలుగుతున్నాయి అని. పొద్దున తొమ్మిదయ్యేసరికి క్వార్టర్ల ఆడవాళ్ళూ మగవాళ్ళూ పెరటి గుమ్మంలో బారులు తీరేవారు, స్టవ్వు బర్నర్లు, సైకిలు గొలుసులు, తాళం కప్పలు, గంట కొట్టడం మానేసిన గడియారం, పక్కింటి పిన్ని కుట్టుమిషను తల. నాన్న ముక్కాలిపీట మీద కూచుని సగం కోసిన డ్రమ్ములో మందు పోసుకుని ఒక్కోటీ ముంచి తీసేవాడు, కబుర్లు చెప్తూనే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. చేతులు సున్నం కొట్టినట్టు తెల్లగా పగిలిపోయి ఉండేవి, రాత్రి అమ్మ నూనె రాస్తుంటే, ఈ చేతులు నావి కాదే, ఇంజన్లవి, అని నవ్వేవాడు. జారిపోయిన నట్లూ బోల్టులూ ఏరడం ఇద్దరు పిల్లల ఉద్యోగం. ఏరి, జతలు కలిపి, డబ్బాలో వెయ్యాలి. అలా తనకి నట్టు అని పేరు పెట్టాడు, పిన్ని కూతురికి బోల్టు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. బడిలో కూడా అవే పేర్లు పాకిపోయాయి, హాజరుపట్టీలో ఉన్న పేరు పిలిస్తే బోల్టు పలికేదే కాదు, టీచరమ్మకి ఒళ్ళు మండిపోయేది.

పని అయ్యాక డ్రమ్ములో మడ్డి మిగిలేది. దాన్ని మురిక్కాలవలో పొయ్యనిచ్చేవాడు కాదు నాన్న. కాలవ నీళ్ళు పశువులు తాగుతాయి, పాపం, అనేవాడు. షెడ్డు గోడ మీద బోర్డుండేది, వాడిన మందుని పొడినేల మీద పోసి ఎండకి ఆరనివ్వాలని, అక్షరాలు కూడబలుక్కుని చదివి నేర్చుకున్న మనిషికి బోర్డంటే వేదం. అందుకని పెరట్లో ఒక మూల నడుంలోతు గుంట తవ్వి, ఇటుకముక్కలు నింపి, అందులో పోయించేవాడు. ఎగిరిపోతుందే నట్టూ, చూడు, పొద్దుటికి తడి కూడా ఉండదు. నిజమే, ఉండేది కాదు. పైకి ఎగిరింది కొంత, కిందికి దిగింది మిగిలింది, అది నీళ్ళకన్నా బరువు, ఇసకలోంచి సూదిలా దిగిపోతుంది, ఈ మాటలు ఆమె ఎన్ని మీటింగుల్లో చెప్పింది, చేత్తో చూపిస్తూ. చూపిస్తున్నప్పుడు ఒక్కసారి కూడా ఆ పెరడు గుర్తు రాలేదంటే ఎవరు నమ్ముతారు. ఆమెకే నమ్మబుద్ధి కాదు. కానీ గుర్తు రాలేదు. షెడ్డు వేరు, ఇల్లు వేరు. చెడ్డదంతా షెడ్డు వెనక ఉంది, కంచె వేసి ఉంది, మ్యాపులో ఎర్రగా ఉంది. పెరట్లో ఉన్నది ఆదివారం. వారానికి అయిదు లీటర్లు, తొమ్మిదేళ్ళు. రెండిళ్ళ మధ్య చేతిపంపు, గుంటకి ఎన్ని అడుగులుంటుందో. ఆ పంపు నీళ్ళు తియ్యగా ఉంటాయని వెనక వరస క్వార్టర్ల వాళ్ళు కూడా వచ్చి పట్టుకెళ్ళేవారు. ఆ తీపీ ఈ తీపీ ఒకటేనా అని ఆమె ఇంజనీరుని మాటవరసకి అన్నట్టు అడిగింది మొన్న. అంత కొంచెంలో రుచి తెలీదండి అన్నాడు. తెలీదేమో. ఆమె నాలిక్కి మాత్రం ఇంకా తెలుస్తోంది.

తొమ్మిదో ఏట వాళ్ళకి బేసు అవతలి చివర పెద్ద క్వార్టరిచ్చారు, ఊరి కొళాయి నీళ్ళున్న క్వార్టరు. బోల్టు వాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఇరవై రెండేళ్ళకి బోల్టుకి కాళ్ళు వాచాయి, మొహం వాచింది, మూత్రపిండంలో గడ్డ అన్నారు, పది నెలల్లో పోయింది. చివర్లో చూడ్డానికి వెళ్తే, ఏమే నట్టూ, నువ్వు లావెక్కావు, నేను సన్నబడ్డాను, ఇంక మనం జత కుదరం, అని నవ్వింది. నీళ్ళ వల్లేనా? ఖచ్చితంగా చెప్పలేం, అంటారు వైద్యాధికారులు, ఒకే నీళ్ళు తాగిన వందమందిలో ఎవరికెందుకొస్తుందో చెప్పలేం, ఆ మాట కూడా ఆమే కరపత్రంలో రాసింది, నాలుగు కరపత్రాల కిందట. పిన్ని ఆ కరపత్రం మడిచి సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. ఒక్క మీటింగు మానదు. మొదటి వరసలో కుడిచేతి వైపు చివరి కుర్చీ. అందరూ అడగడం అయిపోయాక లేచి ఒక్కటే అడుగుతుంది, "మా పంపులోకి ఎక్కణ్ణించి వచ్చింది?" షెడ్డు నుంచి అయి ఉండొచ్చమ్మా అంటారు వీళ్ళు. "షెడ్డు అంత దూరాన ఉంటే?" అంటుంది. జవాబు లేక ఆరేళ్ళుగా ఆ ప్రశ్న రాసుకుంటున్నారు.

ఆరో వరస దగ్గర ఆమె ఆగిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. ఎవరి కాళ్ళమీద? నాన్న పోయినప్పుడు రెండు బస్సుల జనం వచ్చారు, ఎప్పుడో మూసేసిన బేసు మనుషులు ఎక్కడెక్కడినుంచో, ఒక్కొక్కళ్ళూ ఏదో ఒక వస్తువు పేరు చెప్పి ఏడ్చారు, మా రేడియో బాగుచేశాడు, మా నాన్న వాచీ బాగుచేశాడు అని. ఆ రెండు బస్సుల మనుషుల్లో సగం మంది ఈ సాయంత్రం ఈ కుర్చీల్లో కూచుంటారు. ఏమంటారు? అయ్యో ఆయనకేం తెలుసు అంటారా, ఓహో ఆయనేనా అంటారా? తనని ఏమంటారు? ఇన్నాళ్ళూ మా ఎదురుగా నిలబడి మాకు పాఠాలు చెప్పిందా ఈవిడ, అంటారు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, అది కాదు. నాన్న చెడకుండా మిగిలింది ఒక్కచోటే, ఆ పెరట్లోనే. అదీ తవ్వి పోయించుకుంటే ఇంక ఆదివారం ఎక్కడుంటుంది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. రెండేళ్ళు వెతుకుతారు. దొరికితే అది ఎవరిదో పాత గుంట. పడమటి కాలనీలో ఎన్ని ఇళ్ళు? మూడు వందల పద్ధెనిమిది. తనే లెక్కపెట్టింది, తనే తలుపులు తట్టింది, ఒకింట్లో అప్పుడే నడక నేర్చిన పిల్ల ఆమె చేతిలోని కాయితం లాక్కుని నోట్లో పెట్టుకుంది. చేతిలో మిగిలిన కట్ట బరువుగా ఉంది. ఆమె వెనక్కి తిరిగింది. ఆరో వరస, అయిదో వరస, పెట్టినవన్నీ ఒక్కోటే తీసుకుంటూ, విత్తనాలు జల్లి మళ్ళీ ఏరుకుంటున్న పిచ్చిదానిలా మొదటి వరసదాకా వచ్చేసరికి, కుడిచేతి వైపు చివరి కుర్చీలో పిన్ని కూచుని ఉంది.

"ఏమే నట్టూ, పెట్టినవి తీసేస్తున్నావేం? తప్పులు పడ్డాయా?"

"పడ్డాయి పిన్నీ."

పిన్నికి డెబ్భై ఆరేళ్ళు. రెండు బస్సులు మారి వస్తుంది, గొడుగు చేతికర్రలాగా పట్టుకుని. గోడ గడియారం మూడూ పాతిక. ఇంకెవరూ లేరు. ఆమె పక్క కుర్చీలో కూచుంది, కరపత్రాల కట్ట ఒళ్ళో పెట్టుకుంది, మాటలు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఇన్నేళ్ళ అనుభవంలో దేనికీ ఇంత వెతుక్కోలేదు. భయపడే మనిషికి ముందు కుర్చీ చూపించాలి. పిన్ని అప్పటికే కూచుంది. భయం తనదే. "పిన్నీ, మా పెరట్లో నాన్న తవ్విన గుంట గుర్తుందా?" అంది. అంతే అంది. మిగిలింది చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఆరో నంబరు బావి, పంతొమ్మిది వందలు, డ్రమ్ము మడ్డి, పంపు. పిన్ని గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా ఉన్న తెల్లటి గోడని, ఒకప్పుడు బొమ్మలు కదిలిన గోడని చూస్తూ వింది. ఫ్యాను కిర్రుమంది.

"మోసుకెళ్ళి పోసేది మీరిద్దరే కదే," అంది పిన్ని చివరికి. "డబ్బాకి చెరోపక్కా పట్టుకుని. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. నవ్వుకుంటూ, ఒలికిపోతుందే ఒలికిపోతుందే అనుకుంటూ. అది జబ్బులో ఉన్నప్పటి మొహం కళ్ళముందుకి రాకుండా ఉండాలని, పడుకునే ముందు నేను తెచ్చుకునే బొమ్మ అదేనే. దాన్ని ఇప్పుడేం చేసుకోను?"

ఆమె ఒళ్ళోని కట్ట అంచులు సమంగా సర్దింది.

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదు పిన్నీ. ఎగిరిపోతుందనుకున్నాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండు రోజులయింది."

"పదకొండు రోజులా." పిన్ని తల తిప్పి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది, తప్పు చేసిన పిల్లని చూసినట్టు కాదు, తెలియని మనిషిని చూసినట్టు. "పదకొండు రోజులు నోట్లో పెట్టుకుని కూచున్నావా, నేనడుగుతూంటే." తర్వాత మళ్ళీ గోడకేసి తిరిగింది. "మీ నాన్న మీద నాకు కోపం రావాలి. రావట్లేదు. అదే నాకు కోపంగా ఉంది." గొడుగు నేలమీద ఆనించి లేచింది. "పద, చూపించు. ఎక్కడో చూపించు."

పక్క తలుపు తీస్తే గడ్డి. ఎండ కళ్ళలో కొట్టింది. మోకాళ్ళెత్తు గడ్డి వాటర్ ట్యాంకు దాకా ఒకటే చాప పరిచినట్టు ఉంది, గోడలేదు, గుమ్మం లేదు, ఇటుకముక్క లేదు, ఇక్కడ నూట నలభై ఇళ్ళుండేవంటే నమ్మడం కష్టం. ఆమె ముందు నడిచింది. ట్యాంకు నుంచి ఇంతదూరం, హాలు మూల నుంచి ఇంతదూరం అని పదకొండు రోజులుగా మనసులో కొలుచుకున్నది ఈ గడ్డిలోకి వచ్చేసరికి చెదిరిపోయింది. పిల్లకాళ్ళ దూరాలవి. అప్పుడు పరిగెత్తినదంతా ఇప్పుడు నాలుగంగలు. "ఇక్కడనుకుంటా పిన్నీ," అంది ఒకచోట నిలబడి. పిన్ని చుట్టూ చూసి, "ఇది పోస్టాఫీసు క్లర్కు వాళ్ళ వసారా. నీ మొహం," అంది. ఆ తిట్టుకి ఆమె ప్రాణం లేచొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పిన్ని గొడుగుతో గడ్డి పక్కకి తోసుకుంటూ, అడుగు తర్వాత అడుగు, కుడికి జరిగి, మళ్ళీ ఎడమకి జరిగి, ట్యాంకుకేసి కళ్ళు చికిలించి చూస్తోంది. "ఇరవై మూడేళ్ళు ఒకే కిటికీ ముందు నిలబడి అంట్లు తోమాను. ట్యాంకు నిచ్చెన వెనకాల టవరు గాజుగది సగం కనపడాలి, సగం దాక్కోవాలి." ఇంకో అడుగు జరిగింది. ఆగింది. ఆమె వెనక నిలబడి పిన్ని భుజం మీంచి చూసింది, సన్నటి ఇనప నిచ్చెన అంచున దూరాన గాజుగది సరిగ్గా సగానికి కోసినట్టు ఆగి ఉంది. "ఇది నా వంటిల్లు," అంది పిన్ని. కాసేపు అక్కడే నిలబడింది, చెయ్యి కొంచెం పైకెత్తి, అలమర తలుపు పట్టుకున్నట్టు. తర్వాత కుడివైపు వెళ్ళి, "గుమ్మం," అంది, కాలెత్తి దాటింది. మూడు మెట్లు దిగినట్టు దిగింది, నేల చదునుగానే ఉన్నా. ఆమె తిన్నగా పడమటికి నడవబోతే, "అక్కడ మీ గోడుందే. చిన్నప్పుడు దూకేదానివి గాని ఇప్పుడెక్కలేవు, చుట్టూ తిరిగి రా," అంది. నవ్వలేదు. ఆమె చుట్టూ తిరిగే వెళ్ళింది, లేని గోడ పక్కనుంచి. చెయ్యి దానంతటదే బయటికి చాచుకుంది, అమ్మ తువ్వాళ్ళు ఆరేసిన గోడ, ఎండ వేడికి కాలిపోయే గోడ, ఉప్పు పట్టి పెచ్చులూడే గోడ. గోడకి ఇవతల వంటిల్లు, వంటింట్లో అమ్మ, పెరటి తలుపు గడియ మూడుసార్లు తడితే గాని పడదు, నాన్న అన్ని ఇళ్ళ గడియలూ బాగుచేశాడు ఈ ఒక్క గడియ తప్ప, తన ఇంటి గడియ రేపు, రేపు అంటూ.

"పంపు ఇక్కడ," పిన్ని గొడుగు మొనతో పొడిచింది. "బట్టలబండ ఇక్కడ. మీ నాన్న పీట వేసుకునేది దీని నీడన. నేను మిషను తల పట్టుకొచ్చి ఇక్కడ నిలబడేదాన్ని, ఎండలో, మీ అమ్మ లోపలికి రా చెల్లీ అని పిలుస్తున్నా రాకుండా, మన వంతు ఎవరన్నా కొట్టేస్తారని." ఇంకా ఏడడుగులు వేసింది. ఎనిమిదోది వెయ్యలేదు. గొడుగు నేలలో గుచ్చింది, పక్కనే తను నిలబడింది.

"ఇక్కడ."

ఆమె చుట్టూ చూసింది. మిగతా గడ్డికీ ఈ గడ్డికీ తేడా ఏమీ లేదు. పచ్చగానే ఉంది. కానీ నిలబడగానే తెలిసింది, ఒళ్ళే చెప్పింది, ఎడమపక్క పంపు, వెనక వీపుకి గోడ వేడి, చేతిలో డబ్బా తీగ కోత, అవతలి చెయ్యి బోల్టుది, ఒలికిపోతుందే, ఒలికిపోతుందే. వంగి రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుంది. ఊపిరి అందాక లేచింది. పిన్ని ఆమెని పట్టుకోలేదు, అలాగని కదలనూ లేదు. హాలు ముందు బస్సు ఆగిన చప్పుడు, జనం మాటలు, ఎవరో మైకుని ఊదిన చప్పుడు గాలిలో వచ్చాయి.

"పద పిన్నీ, నీ కుర్చీలో ఇంకెవరన్నా కూచుంటారు. గుర్తుకి ఏదైనా పెట్టి వెళ్దాం."

"ఏం పెడతావు? గడ్డిలో గొడుగు గుచ్చితే కనపడదు, గాలికి పడుతుంది. మళ్ళీ వచ్చి వెతుక్కోడానికి నాకింకోసారి ఓపిక లేదు." పిన్ని చెప్పులు సరిచేసుకుని కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది, బస్సులో నిలబడ్డట్టు. "నేనే ఉంటాను. నువ్వెళ్ళి చెప్పు. ఆ ఇంజనీరు కుర్రాణ్ణి తీసుకురా. వాడొచ్చి మేకు కొట్టేదాకా నేను కదలను."

"ఎండగా ఉంది పిన్నీ."

"వెళ్ళవే. పదకొండు రోజులు ఆలస్యం చేశావు."

ఆమె గడ్డిలో పడి నడిచింది, తర్వాత పరిగెత్తింది, యాభై రెండేళ్ళ మనిషి, కట్టిన గోడల్లోంచీ మూసిన తలుపుల్లోంచీ తిన్నగా. హాలు నిండిపోయింది, కుర్చీల్లేక వెనక సినిమా కన్నాల కింద కూడా నిలబడ్డారు, కరపత్రాలేవమ్మా అని ఎవరో అడుగుతున్నారు. ఇంజనీరు మైకు దగ్గర గొంతు సవరించుకుంటున్నాడు. ఆమె వెళ్ళి మైకు అందుకుంటే ఆశ్చర్యపోయి ఇచ్చేశాడు. ఎదురుగా తెలిసిన మొహాలు, స్టవ్వుల వాళ్ళు, గడియారం వాళ్ళు, పడమటి కాలనీ పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకున్న తల్లి, మొదటి వరసలో కుడిచేతి వైపు ఒక ఖాళీ కుర్చీ. రాసుకున్న మాటలేవీ లేవు. పక్క తలుపు తీసే వదిలేసి వచ్చింది, అందులోంచి గడ్డి, దూరంగా గడ్డిలో ఒక మనిషి.

"అందరూ ఒకసారి అటు చూడండి," అంది, ఇంకా రొప్పుతూనే. "ఆవిడ నిలబడ్డ చోట మా పెరడుండేది. ఆవిడ కాళ్ళ కింద ఒక గుంట ఉంది. అది తవ్వింది మా నాన్న. ఆయన్ని మీరందరూ ఎరుగుదురు."